పద్నాలుగు పాయింట్ పది

ఈ పొద్దున కరీంనగర్‌లోని మా ఆఫీసుకు పొడుగాటి రేకు గొట్టం ఒకటి వచ్చింది. పాత బడి ఒకదాన్ని కూలగొట్టకుండానే పెద్దది చేయాలట, దాని నక్షాలు అందులో ఉన్నాయి. మూత తిప్పి తీశానో లేదో, ఘాటైన అమ్మోనియా వాసన ముక్కులోకి దూసుకొచ్చింది. నీలి గీతల నక్షాలకు ఒకప్పుడు ఆ మందు ఆవిరి పట్టించే అచ్చు తీసేవాళ్లు. కాగితం పసుపెక్కినా, మడతల దగ్గర చిరిగినా, అంచులు పొడిపొడిగా రాలుతున్నా ఆ వాసన మాత్రం దాన్ని వదలదు. నా పక్క సీటు శిరీష చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని "ఛీ, ఏం కంపు మేడం ఇది" అంది. నేను మాత్రం సిగ్గు లేకుండా ఆ కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని గట్టిగా పీల్చాను. నాకది ఎస్తేరు మేడం బీరువా వాసన.

మధ్యాహ్నానికి శిరీష ఆ పాత నక్షాను స్కాన్ చేసి, మేము ఈమధ్యే కొలిపించి గీసిన కొత్త ఫైలు కిందికి తెచ్చి పెట్టింది. మూడు వైపులా గీత మీద గీత చక్కగా కూర్చుంది. తూర్పు హద్దు దగ్గర మాత్రం కూర్చోలేదు. "ఇంపోర్ట్ మంచిగనే అయింది మేడం. ఫైల్ల తప్పు లేదు. సరిగ్గ అడుగు తేడా, అటూ ఇటూ లేదు. పక్కింటోళ్లు లోపలికి జరిగి కట్టుకున్నట్టున్నరు. ఎర్ర గీత కొట్టి రాసెయ్యాల్నా?" అంది. "ఆగు!" అన్నాను. నా గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగా లేచింది. పాపం ఆ పిల్ల మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది. ఎందుకంత ఉలిక్కిపడ్డానో తనకు చెప్పాలంటే ముందు ఎస్తేరు మేడం గురించి చెప్పాలి.

ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. పేపర్లో ఎన్నడూ పడలేదు, ఏ సభలోనూ శాలువా కప్పించుకోలేదు. మంచిర్యాలలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో, మందుల షాపు మీది అంతస్తులో మూడు కంప్యూటర్లు పెట్టుకుని ఇళ్ల ప్లాన్లు గీసి ఇచ్చే ఆఫీసు ఆవిడది. పొట్టి మనిషి. బిగించి వేసిన ముడి, ఇస్త్రీ నలగని నూలు చీర, ముంజేతికి మగవాళ్లు పెట్టుకునేంత పెద్ద గడియారం. ఆ గడియారం వాళ్ల బాపుది. ఆయన బెల్లంపల్లి గనుల్లో సర్వే వాళ్ల వెంట కొలతల గొలుసు పట్టుకునే పని చేస్తూ, ఉద్యోగంలో ఉండగానే చనిపోయారట. ఆయన బదులు కూతుర్ని సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా తీసుకున్నారు. నేల కింద తవ్విన సొరంగాల నక్షాలను పల్చటి బట్ట మీద ఇంకుతో ఎక్కించడమే ఆ పని. ఇరవై ఏళ్లకు పైగా ఎక్కించారు. గనులు ఒక్కొక్కటే మూతపడుతూ మనుషులను తగ్గించుకుంటున్న రోజుల్లో ఆవిడ తనంతట తానే బయటికొచ్చి, నలభై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని అఆల నుంచి నేర్చుకున్నారు. నేను చేరేనాటికి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ఫైలు తెరుచుకోకపోయినా, తెరుచుకుని ఏమీ కనబడకపోయినా, కనబడి అడ్డదిడ్డంగా ఉన్నా, "ఎస్తేరు మేడంకు పంపు" అనేవాళ్లు.

నేను చెన్నూరు దాన్ని. మా బాపు సాంచెల మీద బట్ట నేసేవాడు. కరెంటు మగ్గాన్ని మా దిక్కు సాంచె అంటాం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, రెండు ఆఫీసుల్లో పనిచేసి, నాకంతా వచ్చన్న పొగరు తలకెక్కించుకుని ఆ మెట్లెక్కాను. ఆ పొగరు నాలుగు రోజులు కూడా నిలవలేదు. చెన్నూరు రోడ్డులో కట్టబోయే ఒక గోదాం స్థలం కొలతలు ఫైలుగా వచ్చాయి. దాన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుంటే స్క్రీన్ నున్నగా ఖాళీ. మళ్లీ తెచ్చాను, మళ్లీ ఖాళీ. "ఫైల్ ఖరాబైంది మేడం. ఇంకోటి పంపుమని చెప్త" అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఖరాబు కాలే బిడ్డా. జర దూరమున్నది, గంతే" అన్నారు.

ఉన్నదంతా ఒకేసారి చూపించమనే మీట నొక్కారు. తెర మీద ఈ మూలకు ఒక చుక్క, ఆ మూలకు ఒక చుక్క కనబడ్డాయి. "గా చుక్క సాఫ్ట్‌వేర్ సున్నా. గీ చుక్క మన గోదాం. రెండిటి నడుమ నలభై కిలోమీటర్లున్నది. గంత దూరం లెక్క దానితోని కాదు, అలిసిపోతది" అన్నారు. నిజమే, గోదాం దగ్గరికి వెళ్లి చూస్తే సరళ రేఖలు వణుకుతున్నాయి, గుండ్రటి స్తంభాలు పగిలిన గాజు ముక్కల్లా ఉన్నాయి. మేడం తెర మూలన, సున్నా నుంచి ఎంత దూరమో చెప్పే పెద్ద పెద్ద అంకెలను చూశారు. పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి పకపకా నవ్వారు. "గీ నంబర్లు నా చేతి కిందికెళ్లే పోయినయే! గిది కొలిచినాయన మా గనుల సర్వేయర్. రిటైర్ అయిండు గని సున్నాను ఇడ్వలే. ఇంక బెల్లంపల్లికెళ్లే కొలుస్తుండు" అన్నారు. బెల్లంపల్లి నుంచే అని. రెండు మీటలు నొక్కి గోదాం మొత్తాన్ని సున్నా దగ్గరికి జరిపేశారు. గీతలు వణకడం మానేశాయి. వెంటనే నోటు పుస్తకం తీసి ఎంత జరిపిందీ, ఎటు జరిపిందీ రాసుకున్నారు. "జరిపితే జరిపిన్నని రాసిపెట్టాలె. లేకుంటే వాపస్ పోయే తొవ్వ ఉండది."

అంకెలు చూసి ఊరి పేరు చెప్పడం నాకు గారడీలా తోచింది, నిజం చెప్పాలంటే నమ్మలేదు. నా ముఖంలో ఆ సంగతి ఆవిడ చదివేశారు. ఆ ఆదివారం చర్చి అయిపోగానే నన్ను బెల్లంపల్లికి తీసుకుపోయారు. మూతపడిన గని పక్కన, సర్కారు తుమ్మ పొదల నడుమ మోకాలెత్తు రాయి ఒకటి ఉంది. దాని నెత్తిన బొటనవేలంత ఇత్తడి గుబ్బ. మేడం వంగి, కొంగుతో దాని మీది మట్టి తుడిచారు. "గిదే సున్నా" అన్నారు. తెర మీద నేను రోజూ చూసే సున్నా నాకు ఉత్త అంకె. ఇక్కడది ఎండకు కాలుతూ, చీమలు పాకుతూ నా ముందుంది. "ఎవలో ఒకలు ఒక కాడ నిలవడి, ఇక్కడికెళ్లి కొలుద్దాం అన్నరు. మా బాపు గీ రాయి మీద గొలుసు పట్టుకొని నిలవడెటోడు. ఎక్కడికెళ్లి కొలుస్తున్నవో ఎర్కలేకుండ గీత గియ్యకు బిడ్డా" అన్నారు. తిరుగు రైల్లో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు అది రికార్డే.

ఇట్లాంటివి ఎన్నని చెప్పను? ఒకసారి ఒక పాత ఇంటి ప్లాన్ తెరిస్తే, గదుల పేర్ల చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు కలగాపులగంగా పడ్డాయి. ఎప్పటిదో తెలుగు ఫాంటు, ఇప్పుడెక్కడా దొరకదు. నేను తల పట్టుకుని కూర్చుంటే మేడం నా భుజం మీది నుంచి తొంగిచూసి చదవడం మొదలుపెట్టారు. "గిది దేవునర్ర. గిది వంటర్ర. గిది... ఆగు... బర్ల కొట్టం." నేను నమ్మక ఇంటాయనకు ఫోన్ చేసి అడిగాను. "అవునమ్మా, గప్పుడు బర్లుండె" అన్నాడాయన. ఆఫీసు పెట్టిన కొత్తలో ఆ ఫాంటుతోనే ఏళ్ల తరబడి పేర్లు కొట్టారట; ఏ మీటకు ఏ అక్షరమో వేళ్లకు గుర్తుంది. "చెత్తేం కాదే గది. మనకు చదువొస్తలేదు, గంతే" అన్నారు నవ్వుతూ. ఆవిడ దృష్టిలో పాడైపోయిన ఫైలంటూ లోకంలో లేదు. అది ఏదో చెబుతోంది, వినేవాళ్లు లేరు అనుకునేవారు.

ఇప్పుడు అసలు సంగతి. లక్సెట్టిపేట దాటాక ఒక చిన్న ఊళ్లో మేడం వాళ్ల సంఘానికి పాత చర్చి ఉంది. దాని పక్కనే సంఘానికి ఒక హాలు కట్టాలనుకున్నారు. ఆ స్థలానికి ఆనుకుని రాజేశం అనే ఆయన సాంచెల షెడ్డు ఉంది. రెండే రెండు సాంచెలు, వాటి మధ్య మనిషి నిలబడి నడిచేంత సందు. స్థలాన్ని కొలిచింది మల్లేశం మేస్త్రీ. మా దగ్గర మేస్త్రీలు కొలతలను బడిపిల్లల నోటు పుస్తకంలో రాసిస్తారు. పన్నెండు అడుగుల ఆరు అంగుళాలకు 12.6 అని రాస్తారు. చుక్కకు ఎడమ పక్క అడుగులు, కుడి పక్క అంగుళాలు. ఆ అంకెలను మేము కంప్యూటర్‌లో ఒక పట్టికలో కొడితే, పట్టికే వాటిని గీతలుగా మార్చి డిజైన్ ఫైలులోకి పంపేది. ఆ ఏర్పాటు మేడం తన చేతులతో చేసుకున్నది. మేమంతా దాన్ని చూసి మురిసిపోయేవాళ్లం.

అదే సమయంలో మేడం కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ వెళ్లి రెండు వారాలు ఉండిపోయారు. ఆఫీసు నా చేతికొచ్చింది. కొలతలు పట్టికలో కొట్టాను, ఫైలు తయారైంది, దాని కిందికి సంఘం దగ్గరున్న పాత నక్షా తెచ్చి పెట్టాను. షెడ్డు వైపు హద్దు కలవలేదు. తొమ్మిది అంగుళాల తేడా. ఇంపోర్ట్‌లోనే ఏదో తేడా వచ్చిందనుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. అడుగులా మీటర్లా చూశాను, స్కేలు చూశాను, సున్నా చూశాను, స్కాన్ సాగిందేమో చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దస్తావేజులో స్థలం వెడల్పు అరవై రెండు అడుగుల పది అంగుళాలని అక్షరాలతో రాసి ఉంది. నా ఫైలులో అరవై రెండు అడుగుల ఒక అంగుళమే వస్తోంది. అప్పుడు తట్టింది నాకు, షెడ్డు గోడ మందం కూడా తొమ్మిది అంగుళాలే కదా! అంటే గోడ మొత్తం ఇవతలి జాగాలోనే కట్టుకున్నారన్నమాట. ఫైలు తప్పు కాదు, గోడే తప్పు. ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆ గోడ వెంబడి ఎర్ర గీత కొట్టి, పక్కన "ఆక్రమణ" అని రాసి, సంఘానికి పంపేశాను. సంఘ పెద్ద దేవదానం సార్ ఫోన్ చేసి "ఇన్నేండ్ల సంది మాకెవ్వలకు ఎర్కలేకపాయెనమ్మా" అని మెచ్చుకున్నారు. నా అంతటి దాన్ని నేనే అనుకున్నాను. సాంచెల సందుల్లో తిరిగి పెరిగిన పిల్లను, తొమ్మిది అంగుళాలు జరిగితే ఆ షెడ్డులో రెండో సాంచె పట్టదన్న ఆలోచన నాకు రాకపోవడం తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చెల్లదు.

మేడం తిరిగొచ్చిన రోజు నల్లద్దాలు పెట్టుకుని ఉన్నారు. స్క్రీన్ చూడొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడట. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, "ఏమేం పనులైనయో చెప్పు" అన్నారు. నేను గొప్పగా హాలు సంగతి ఎత్తుకున్నాను. వింటూ వింటూ ఒకచోట చెయ్యెత్తి ఆపారు.

"సరిగ్గ తొమ్మిదంగుళాలేనా?"

"సరిగ్గ తొమ్మిదే మేడం. నూలు పోగంత గూడ తేడా లేదు" అన్నాను, అది నా గొప్ప అన్నట్టు.

"నేల మీద ఏదన్న గంత సరిగ్గ వస్తదానే? ఇటుక సరిగ్గుండది, దారం సరిగ్గుండది. మనిషి జరిగి కట్టుకుంటే ఏడంగుళాలు జరుగుతడు, ఎనిమిదిన్నర జరుగుతడు, ఒక కొసకు ఎక్వ, ఒక కొసకు తక్వ జరుగుతడు. సరిగ్గ తొమ్మిదంటే గది మనిషి చేసిన పని కాదు, లెక్క చేసింది. కొలతలు చదువు."

చదివాను. "ఇరవై ఒకటి పాయింట్ ఆరు. ఇరవై ఆరు పాయింట్ ఆరు. పద్నాలుగు పాయింట్ ఒకటి."

"ఆఖరుది మళ్ల చదువు."

"పద్నాలుగు పాయింట్ ఒకటి."

"స్క్రీన్ మీద కాదు. మల్లేశం బుక్కుల చూసి చదువు."

నోటు పుస్తకం తీశాను. మేస్త్రీ లావాటి పెన్సిల్ రాత. "పద్నాలుగు పాయింట్ ప..." అన్నాను. పుస్తకంలో 14.10 అని ఉంది. పద్నాలుగు అడుగుల పది అంగుళాలు. నేను కొట్టింది కూడా అదే. కానీ చుక్క తర్వాత చివర వచ్చే సున్నాకు విలువ లేదనుకుని పట్టిక దాన్ని మింగేసింది. పది పోయి ఒకటి మిగిలింది. పదిలో ఒకటి పోతే తొమ్మిది. స్క్రీన్ ముందు కళ్లు పొడుచుకుని రెండు రోజులు వెతికి నేను కనుక్కోలేనిదాన్ని, కళ్లు మూసుకున్న మనిషి రెండు నిమిషాల్లో పట్టుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆశ్చర్యం ముందు భయం కూడా వెనకబడింది. భయం తర్వాత వచ్చింది.

తిడతారనుకుని తల వంచుకున్నాను. "గిది నీ ఒక్కదాని తప్పు కాదే" అన్నారు మేడం. "గనుల ఆఫీసుల పాయింట్ అంటే అడుగును పది పాళ్లు చేసుడు. గాడ పద్నాలుగు పాయింట్ ఒకటన్నా, పద్నాలుగు పాయింట్ పదన్నా ఒక్కటే. ఇరవై ఏండ్లు గట్లనే రాసిన. ఆఖరి సున్నా పోతే ఏందన్నట్టు నా కండ్లు అలవాటు పడ్డయి. మల్లేశం చుక్క వేరు, నా చుక్క వేరు. పట్టిక చేసింది నేను. సున్నా మింగుతదని నాకు తట్టకపాయె." మళ్లీ ఆగి అడిగారు. "గా గోడ ఇంక ఉన్నదా?"

దేవదానం సార్‌కు ఫోన్ కలిపాను. "ఉన్నదమ్మా, ఇయ్యాల పొద్దున్నుంచి రాజేశమే ఇప్పుకుంటుండు. మంచోడు, పంచాది పెట్టలే" అన్నారు ఆయన. ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. మేడం లేచి నిలబడ్డారు. "ఆపుమని చెప్పుండ్రి సార్. మేమొస్తున్నం" అన్నారు. దుమ్ములోకి పోవద్దన్నాడు డాక్టర్, ఎండ తగలొద్దన్నాడు. ఆవిడ అద్దాల మీది నుంచి కొంగు కప్పుకుని చర్రున మెట్లు దిగారు. బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు. "ఏడ్సుడు తర్వాత. టేపు తెచ్చినవా?" అని మాత్రం అడిగారు.

మేము వెళ్లేసరికి షెడ్డు గోడ పైన నాలుగు వరసల ఇటుకలు దిగిపోయి ఉన్నాయి. ఒక సాంచె అప్పటికే విప్పేసి, ముక్కలు టార్పాలిన్ కింద పెట్టారు. రాజేశం బనియన్ నిండా సున్నపు దుమ్ము. విప్పిన ఇటుకలను ఒక్కటి కూడా పగలగొట్టకుండా వరసగా పేర్చుకుంటున్నాడు. "ఎవలు కూలగొట్టుమన్నరన్నా?" అని అడిగారు మేడం.

"ఎవ్వలు అనలే అమ్మా. దేవదానం సార్ కాయితం చూపిచ్చి, నీ వీలు చూస్కో రాజేశం అన్నడు. గీ గోడ మా బాపు కట్టింది. ఒగల జాగల గోడ కట్టే మనిషా మా బాపు అని రెండు దినాలు నాలో నేనే కొట్టుకున్న. కని కంప్యూటర్ల వచ్చిందన్నరు గద. కంప్యూటర్ ఎందుకు అబద్ధమాడుతది?"

ఆయన ముఖంలో కోపం లేదు. చచ్చిపోయిన తండ్రి మీద అనుమానం ఉంది. దాన్ని అక్కడ పెట్టింది నేను, ఒక ఎర్ర గీతతో, ఒక్క మాటతో.

మేడం టేపు తీయమన్నారు. చర్చి గోడ దగ్గర ఒక కొస దేవదానం సార్ చేతికి, షెడ్డు గోడ దగ్గర ఇంకో కొస రాజేశం చేతికి ఇప్పించారు. అప్పటికి పది మంది పోగయ్యారు. నేను వంగి చూశాను. "పద్నాలుగు అడుగులు, పదంగుళాలు" అన్నాను. "గట్టిగ చదువు" అన్నారు మేడం. మళ్లీ చదివాను. అప్పుడు ఆవిడ కొంగు తీసి, ఆ పది మంది వైపు తిరిగారు. "గోడ తప్పు లేదు. తప్పు నా ఆఫీసుది. పట్టిక చేసింది నేను, టైపు కొట్టింది గీ పిల్ల, ఆక్రమణ అని రాసింది గూడ మేమే. రాజేశం వాళ్ల బాపు సరిగ్గ కట్టిండు." దేవదానం సార్ నొచ్చుకుంటూ దగ్గరికొచ్చి, "మెల్లగ చెప్పుకుందుము గదా ఎస్తేరూ, మనోళ్ల ముంగట ఎందుకు..." అని గొణిగారు. "మనోళ్ల ముంగటనే చెప్పాలె సార్. కాయితం మనోళ్ల ముంగటనే చదివిండ్రు గద" అన్నారావిడ. అది ఆవిడ సంఘం. ఏళ్ల తరబడి వాళ్ల పక్కనే కూర్చుని పాడారు. వాళ్ల ముందు తలెత్తుకుని తన తప్పు చెప్పిన ఆ పొట్టి మనిషిని చూస్తే, దండం పెట్టాలనిపించింది నాకు.

నా చేతికి ఆ నక్షా కాగితం ఇచ్చి, ఆ మాట కొట్టేసి సరిగ్గా రాయమన్నారు. కొట్టేశాను. "ఈ గోడ సరైన చోటే ఉంది. కొలతలో తప్పు మాది" అని రాసి సంతకం పెట్టాను. మేడం కూడా వేలితో చోటు తడుముకుని నా పేరు కింద తన పేరు రాశారు. రాజేశం దాన్ని రెండు చేతులతో తీసుకుని చదువుకున్నాడు. వెళ్లబోతున్న నన్ను ఆపి, మొహమాటంగా అడిగాడు. "గా కాయితంలనే మా బాపు పేరు గూడ రాయరాదమ్మా. లచ్చయ్య." నాకు అక్షరాలు కనబడలేదు. కళ్లు తుడుచుకుని రాశాను. "ఈ గోడను సరిగ్గా కట్టినవాడు లచ్చయ్య." మర్నాడు మల్లేశం మేస్త్రీ వచ్చి ఆ ఇటుకలతోనే నాలుగు వరసలు మళ్లీ లేపాడు. సాంచె బిగించుకోవడానికి రాజేశంకు నాలుగు రోజులు పట్టింది. ఆఫీసుకు వచ్చాక మేడం తన పట్టికను తీసిపారేసి, అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి పెట్టి కొత్తది చేశారు. కళ్లు మూసుకుని తను చెబుతుంటే నేను కొట్టాను.

మేడం పోయి కొన్నేళ్లయింది. బెల్లంపల్లి సమాధుల తోటలో, వాళ్ల బాపు పక్కనే పెట్టారు. రాజేశం బస్సెక్కి వచ్చి, గుప్పెడు మట్టి వేసి, ఒక మూల నిలబడ్డాడు. తర్వాత రాతి పలక వేయించే పని నా మీద పడింది. మల్లేశం మేస్త్రీయే వచ్చి టేపు పట్టాడు. పొడుగు ఆరు అడుగుల పది అంగుళాలు. నోటు పుస్తకం తీసి, పెన్సిల్ నాలుకకు తాకించుకుని రాయబోయి ఆగాడు. మెల్లగా, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఆరు అడుగుల పది అంగుళాలు అని మాటల్లో రాశాడు. నా వైపు చూసి, "చుక్క వెడ్తే మేడం లేసొస్తది బిడ్డా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నేను ఆ మట్టి పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ రోజు బస్సులో ఆవిడ వాయిదా వేసిన ఏడుపు అది.

ఇదంతా శిరీషకు చెప్పడం అయ్యేసరికి ఎండ కొంచెం వాలింది. తెర మీద ఆ అడుగు తేడా అట్లాగే ఉంది. ఎర్ర గీత ఇంకా గీయలేదు. పక్కింట్లో ఎవరుంటారో మాకు తెలియదు, వాళ్ల గోడను ఎవరు కట్టారో తెలియదు. లెక్క తప్పయి ఉండొచ్చు, నిజంగానే గోడ జరిగి ఉండొచ్చు. శిరీష స్క్రీన్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. నేను లేచి సొరుగులోంచి టేపు తీసి సంచిలో వేసుకున్నాను.

"ఎక్కడికి మేడం?" అంది.

"గోడ కాడికి" అన్నాను.